ఆఖరి స్లాబు

2018 నవంబర్ 9, శుక్రవారం. దీపావళి వెళ్లి రెండు రోజులైంది. గుంటూరు వీధుల్లో ఇంకా మందుగుండు వాసన పోలేదు. గోరంట్ల వైపు నాలుగు వందల గజాల జాగాలో ఒక గొయ్యి. పక్కన తవ్విపోసిన నల్లమట్టి గుట్ట. ఆ గుట్టకి ఆనుకుని నిలబడ్డ బిల్డరు ఫోను చెవికి నొక్కిపెట్టుకున్నాడు. అవతల లెక్కల మాస్టారు. మొట్టమొదట అడ్వాన్సు ఇచ్చిన మనిషి.

"ఏమీ అనుకోమాకండి. నా డబ్బులు నాకు సర్దుబాటు చేయండి."

"ఏమైంది మాస్టారూ?"

"హ్యాపీ నెస్ట్ అండీ. మా అబ్బాయి పొద్దుట్నుంచీ కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. దొరికిద్దనే అనుకుంటున్నాం."

ఆ రోజు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎందరి ఇళ్లలోనో అదే హడావుడి. రాజధానిలో, నేలపాడు దగ్గర, సీఆర్‌డీఏ కట్టబోయే 12 టవర్లు, 1,200 ఫ్లాట్లు. మొదటి విడత 300. సైటు తెరుచుకోదు, తెరుచుకున్నా కదలదు, కదిలినా చూస్తున్న ఫ్లాటు చూస్తుండగానే ఇంకొకరి పేరు మీదకి వెళ్లిపోతుంది, కొడుకు అమెరికా నుంచి అరుస్తాడు, తండ్రి ఇక్కడ కార్డు నంబరు తప్పు కొడతాడు, మళ్లీ మొదట్నుంచీ మొదలు. ఆ రోజు గడిచేలోగా మూడు వందలూ అయిపోయాయి. గొయ్యి దగ్గర బిల్డరుకి మాత్రం వేరే లెక్క తేలింది. కట్టాల్సినవి ఎనిమిది ఫ్లాట్లు. స్థలం వాళ్లకి పోగా అమ్ముకోడానికి తనకి మిగిలేవి నాలుగు. అందులో ఒకటి ఇప్పుడే చెయ్యి జారింది.

రాత్రి తొమ్మిదింటికి ఫోను మళ్లీ మోగింది. రెండోదీ జారింది.

ఈ గాథలో తేదీలు, ఉత్తర్వులు, వరదలు అన్నీ జరిగినవే. మనుషులకి మాత్రం పేర్లు పెట్టలేదు. ఆ ఏడాదిన్నరలో గుంటూరు చుట్టుపక్కల చిన్న బిల్డర్లు పడ్డ పాట్లన్నీ ఒక బిల్డరు మీద, ఒక మేస్త్రి మీద, ఒక రైతు కుటుంబం మీద పెట్టి చెప్పినవి.

ఆ నాలుగు వందల గజాలు ఒక పెద్దాయనవి. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు కమిషన్ వ్యాపారం చేసి మానుకున్నాడు. స్థలం ఆయనది, ఖర్చు బిల్డరుది, కట్టాక చెరి సగం. మన దగ్గర డెవలప్‌మెంట్ అంటే అదే. చేతిలో కోట్లు లేనివాడు కూడా బిల్డరు కాగలుగుతున్నాడంటే ఈ పద్ధతి వల్లే. ఎనిమిది కట్టి నాలుగు మాత్రమే అమ్ముకోవాలి కాబట్టి, నాలుగింట్లో ఒక్కటి ఆలస్యంగా అమ్ముడుపోయినా కుప్పకూలేదీ ఈ పద్ధతి వల్లే. బ్యాంకు అతనికి ప్రాజెక్టు లోను ఇవ్వదు. చీటీ పాట పాడాడు. తక్కువ పడితే నూటికి రెండు రూపాయల వడ్డీ.

మాస్టారి డబ్బులు వారంలో వెనక్కిచ్చేశాడు. ఒక్క రూపాయి పట్టుకోలేదు.

"పిచ్చోడివా ఏందయ్యా?" అన్నాడు పెద్దాయన. "అగ్రిమెంటులో కోత ఉందిగా."

"ఉంది బాబాయి గారూ. రేపు ఆయన బడిలో నలభై మంది టీచర్లకి ఏం చెప్తాడనేది కూడా ఉంది."

పెద్దాయన ఇంకేమీ అనలేదు. గొయ్యిలోకి చూశాడు. అడుగున నల్లరేగడి నీళ్లు ఊరుతోంది. ఇంత లోతు తవ్వినా గట్టి నేల తగల్లేదు.

పోటీలో ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసుకోవాలంటే హైవే ఎక్కితే చాలు. కాజ నుంచి పెదకాకాని దాకా బోర్డులే. క్లబ్ హౌసు, ఈతకొలను, నడక దారి. ఇక అడవితక్కెళ్లపాడు వెళ్తే ప్రభుత్వం కట్టిస్తున్న టిడ్కో ఇళ్లు. రాష్ట్రంలో ఆ ఇళ్లు కట్టే పని ఎల్ అండ్ టీ, షాపూర్జీ పల్లోంజీ, ఎన్‌సీసీ లాంటి కంపెనీలది. ఒక ఆదివారం తాపీ మేస్త్రి బండేసుకుని చూసొచ్చాడు. వచ్చి ఇటుకల గుట్ట మీద కూలబడ్డాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇటుకే లేదు సారూ" అన్నాడు చివరికి. "అల్యూమినియం రేకులు నిలబెట్టి గోడా స్లాబూ ఒకేసారి పోసేస్తన్నారు. రేకు తీస్తే గది తయార్. తాపీ పట్టుకునేవోడితో పనేముంది?"

ముప్పై ఏళ్ల పనితనం. రాయి చూసి బరువు చెప్పే చెయ్యి. ఆ చేతివైపే చూసుకుంటున్నాడు మేస్త్రి. "మనం ఎన్నాళ్లు సారూ?"

బిల్డరు దగ్గర జవాబు లేదు. అది ఆరు నెలల తర్వాత, నడి ఎండాకాలంలో, ఒక ఆడమనిషి నోటి నుంచి వచ్చింది.

2019 మే నెల రెండో వారం. ఎన్నికల ఫలితాలు ఇంకా రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మూడు స్లాబులు పడ్డాయి, నాలుగోదానికి సెంట్రింగ్ కొడుతున్నారు. సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు, భార్యతో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకుతో దిగాడు. కొడుకు కాలు లోపల పెట్టకముందే అడిగాడు.

"రెరా నంబరు ఉందా అండీ?"

బిల్డరు గొంతు సవరించుకున్నాడు. 500 చదరపు మీటర్లు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికీ చట్టం రిజిస్ట్రేషన్ అడగదు. ఈ నాలుగు వందల గజాలు 334 చదరపు మీటర్లు. ఫ్లాట్లు సరిగ్గా ఎనిమిది. ఆ మాటే చెప్పాడు. కార్పొరేషన్ ప్లాను చూపించాడు. పని పూర్తయి సర్టిఫికెట్ ఇచ్చేదాకా పది శాతం కట్టడం కార్పొరేషన్‌కి తాకట్టులో ఉంటుందని కాగితం తీసి చూపించాడు.

కొడుకు పెదవి విరిచాడు. "హైవే పక్కన వాళ్లకైతే నంబరు ఉంది నాన్నా."

రైతు ఆ కాగితాలేవీ ముట్టుకోలేదు. గోడ మీద అరచెయ్యి పెట్టాడు. "నువ్వు అంతకుముందు కట్టిందేదన్నా చూపిస్తావా?"

ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో తొమ్మిదేళ్ల కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు. కారులో అరగంట పైన. దారి పొడుగునా పొలాలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. పత్తి పీకేశారు, మిరప పీకేశారు, ఒట్టి నల్లనేల. మోచెయ్యి దాకా దూరే పగుళ్లు. ఈ నేల మీద ఇల్లు కట్టడమంటే ఏంటో రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, ఆ ఊగుడికి పునాది కదిలి, కిటికీ మూలల నుంచి ఐమూలగా బీటలు నడిచి, మూడో ఏటికల్లా తలుపు గుమ్మంలో ఇరుక్కుపోతుంది. నల్లరేగడిలో కట్టిన ఇంటి నిజం వైశాఖంలోనే బయటపడుతుంది. రైతు కావాలనే ఆ నెలలో వచ్చాడు.

ఇంటివాళ్ల అనుమతి తీసుకుని గది గదీ తిరిగాడు. చూపుడువేలు కిటికీ మూలల వెంట నడిపించాడు. మంచాలు జరిపించాడు. మెట్ల కింద వంగి చూశాడు. బయట బిల్డరు షర్టు తడిసి ముద్దయింది. చెమటకో, భయానికో.

ఆ ఇంటి కింద ఉన్నవి అండర్ రీమ్డ్ పైల్స్. నల్లరేగడి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతి. మూడున్నర మీటర్లకి తగ్గకుండా, ఎండా వానా చేరని లోతుకి దిగాలి. అక్కడ అడుగున గుంతని గుండ్రంగా వెడల్పు చేస్తారు. ఆ ఉబ్బు పైలు లావుకి రెండున్నర రెట్లు. పైన నేల ఎంత ఊగినా కింద ఆ ఉబ్బు పట్టుకుని కూర్చుంటుంది. ఖర్చు ఎక్కువ. కట్టాక కంటికి కనిపించదు. కనిపించనిదాని మీద డబ్బు పెట్టాడా లేదా అన్నదే చిన్న బిల్డరుకి అసలు పరీక్ష. ఎందుకంటే అతను ఆ జిల్లా వదిలి ఎక్కడికీ పోలేడు.

రైతు బయటికొచ్చాడు. ఏమీ అనలేదు. భార్యవైపు చూశాడు.

"వంటింటి వెనక గోడ రెండడుగులు జరిగిద్దా?" అందామె. "జాడీలు పెట్టుకోవాల. డాబా మీద మా కాయలు ఎండబోసుకుంటే ఎవరూ వద్దనకూడదు. హైవే కాడ అడిగితే గోడ జరపడం కుదరదన్నారు."

మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఒక్క ఉదుటున లేచాడు. "ఇటుక గోడమ్మా. ఇంకా కట్టలేదు. రెండడుగులు కాదు, మూడు జరుపుతా."

ఒకేసారి పోసిన కాంక్రీటు గోడని ఎవరూ జరపలేరు. తాపీ పట్టుకునేవాడి అవసరం ఏంటో మేస్త్రికి ఆ క్షణాన తెలిసింది. ఇక మిగిలింది డబ్బు మాట. అక్కడే బండి ఆగింది.

"నెలనెలా అంటే నావల్ల కాదు" అన్నాడు రైతు. "నాకు జీతం రాదు. పత్తి డబ్బులు సంక్రాంతికి. మిరపకాయలు కోల్డు స్టోరేజీలో ఉన్నాయి. రేటు వచ్చినప్పుడు అమ్ముతా. అప్పుడు ఇస్తా."

పెద్ద కంపెనీ కాగితంలో ఈ మాటకి గడి లేదు. స్లాబు పడితే వాయిదా కట్టాలి, లేదంటే వడ్డీ. బిల్డరు ఒక తెల్లకాగితం తీశాడు. ఒక వైపు పత్తి అని రాశాడు, ఇంకో వైపు మిర్చి అని రాశాడు. రాస్తున్నంతసేపూ అతని కడుపులో ఒకటే గుబులు. ఈలోపు ఏదైనా ఆగిపోతే?

అదే నెలలో ఆడిటరు దగ్గరో గండం. ఏప్రిల్ 1 నుంచి ఇళ్ల మీద జీఎస్టీ మారింది. 45 లక్షల లోపు, మనలాంటి ఊళ్లలో 90 చదరపు మీటర్ల లోపు ఫ్లాటుకి కొనేవాడి మీద ఒక్క శాతమే. కానీ సిమెంటు మీద కట్టిన 28, ఇనుము మీద కట్టిన 18 వెనక్కి రావు. పాతదా కొత్తదా, మే 20లోగా తేల్చి చెప్పాలి. బిల్డరు కొత్తదే ఎంచుకున్నాడు. కొనేవాడికి ఒక్క శాతం అన్న మాట అర్థమవుతుంది, మిగతా నష్టం తను మోసుకుంటాడు. ఆడిటరు తల ఊపాడు. "సిమెంటు, ఇసుక రేట్లు ఇట్టాగే ఉంటే బయటపడతావు" అన్నాడు.

మే 30న రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. నాలుగో స్లాబు పడింది. ఇక ఒక్కటే. ఆఖరిది.

ఇసుక ఆగింది.

2016 మార్చి నుంచి ఇసుక ఉచితం. తవ్వకం కూలీ, ట్రాక్టరు బాడుగ పెట్టుకుంటే చాలు. పేరుకి ఉచితమే అయినా అందులో ఎన్ని చేతులు ఉన్నాయో అందరికీ తెలుసు. కొత్త ప్రభుత్వం ఆ పద్ధతి ఆపి కొత్త విధానం తెస్తామంది. తెచ్చేలోపు నదిలో ఇసుక తవ్వే రీచులు మూతపడ్డాయి. ఆఖరి స్లాబుకి ఏడెనిమిది ట్రాక్టర్లు కావాలి. గోడలకి, ప్లాస్టరింగుకి అంతకు ఎన్నో రెట్లు. బిల్డరు రోజూ సాయంత్రం ట్రాక్టరు వాళ్లకి ఫోను చేస్తాడు. వాళ్లు ఎత్తడం మానేశారు.

ఆగస్టులో కృష్ణ పొంగింది. పదేళ్లుగా చూడని వరద. శ్రీశైలం నిండింది, సాగర్ నిండింది, పులిచింతల నిండింది. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారు. నెల మధ్యకొచ్చేసరికి 8 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి పోతోంది. పొలాల్లోకి నీళ్లొచ్చే ఏడాది ఇది, రైతులు దండం పెట్టారు. ఆ నీటి అడుగునే ఉంది బిల్డరుకి కావాల్సిన ఇసుక. సెప్టెంబరులో మళ్లీ వరద. అక్టోబరులో మళ్లీ.

సెప్టెంబర్ 5న కొత్త ఇసుక విధానం మొదలైంది. ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ స్టాకు యార్డులు, టన్ను 375 రూపాయలు, బుకింగ్ అంతా ఆన్‌లైన్‌లో. కాగితం మీద బాగుంది. బిల్డరు కూతురు ఇంటరు చదువుతోంది. లాప్‌టాప్ ముందు కూర్చుని వేలు మీట మీద పెట్టుకుంటుంది. బుకింగ్ తెరుచుకుంటుంది. పేరు, ఆధారు, చిరునామా కొడుతుండగానే స్టాకు లేదని వస్తుంది.

"నాన్నా, మళ్లీ పోయింది."

ఏడాది కిందట మాస్టారి ఇంట్లో ఇదే జరిగింది. అప్పుడు ఫ్లాటు కోసం. ఇప్పుడు గుప్పెడు ఇసుక కోసం. బయట మాత్రం అర్ధరాత్రి దాటాక ట్రాక్టర్లు తిరుగుతున్నాయని మాట. రేటు మూడు నాలుగింతలు. మేస్త్రి మెల్లగా అన్నాడు, "ఒక్కసారికి కొనేద్దాం సారూ. పట్టుకుంటే చూద్దాం."

బిల్డరు ఆ రాత్రి నిద్రపోలేదు.

పొద్దున ఆరింటికి కూలీల అడ్డా మీదకి వెళ్లాడు. ఎప్పుడూ కిటకిటలాడే చోటు. ఆ రోజూ కిటకిటలాడుతోంది, కానీ అక్కడి నుంచి ఎవరూ కదలడం లేదు. తాపీలు, గమేళాలు, టిఫిన్ క్యారియర్లు. పదిన్నరకి క్యారియర్ విప్పి అక్కడే తిని ఇంటికి పోతున్నారు. భవన నిర్మాణ కార్మికుల ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వస్తున్నాయి, గుంటూరు జిల్లా నుంచి కూడా. తనతో పదకొండేళ్లుగా పనిచేసే సెంట్రింగ్ కుర్రాడు ఫోను కట్టేసి మూడు రోజులైందని మేస్త్రి చెప్పాడు. బిల్డరు గుండె ఆగినంత పనైంది. ఇద్దరూ బండి మీద ఆ కుర్రాడి ఊరు పోయారు. తలుపు కొట్టారు. ఎవరూ పలకలేదు. ఇంకోసారి కొట్టారు.

కుర్రాడే తీశాడు. ఫోను తాకట్టులో ఉంది.

తిరిగొచ్చే దారిలో బిల్డరు ఒక నిర్ణయానికొచ్చాడు. ఒంటరిగా కుదరదు.

అమరావతి రోడ్డులో ఒక టీ కొట్టు. అక్టోబరు వాన సన్నగా పడుతోంది. రేకుల కింద ఏడుగురు చిన్న బిల్డర్లు. ఒకరి స్థలం ఒకరు తన్నుకుపోయినవాళ్లే. ఒకరి మేస్త్రిని ఒకరు లాక్కున్నవాళ్లే. ఇద్దరికి మాటల్లేవు. బిల్డరు గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, పెద్ద కంపెనీ ఇసుక కోసం ఏడవట్లేదు. చూశారా?"

చూశారు. పెద్ద సైట్లలో పని ఆగలేదు. వాళ్లది సొంత కాంక్రీటు ప్లాంటు. అందులో పడేది నది ఇసుక కాదు, కొండరాయి నలగ్గొట్టి తీసిన రోబో శాండ్. 2016లో వచ్చిన భారత ప్రమాణం అలా తయారుచేసిన ఇసుకనీ ఒప్పుకుంది. పేరేచర్ల కొండల దగ్గర క్రషర్లు ఉండనే ఉన్నాయి.

"రెడీమిక్స్ వాడు మనలాంటోళ్లని లోపలికే రానివ్వడు" అన్నాడు ఒక పెద్ద వయసు బిల్డరు. "ఒక్క స్లాబుకి ఆరేడు బండ్లు. ఆడికి అదేం లెక్క?"

"ఒక్కరిదైతే లెక్క కాదు. ఏడుగురివి కలిపి ఒకే వారంలో పెడదాం. రాజధాని పనులు ఆగిపోయాయి, వాటిని నమ్ముకున్న ప్లాంట్లు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు వాడికీ మనం కావాల."

ఎవరూ మాట్లాడలేదు. వాన చప్పుడు. మాటల్లేని ఇద్దరిలో ఒకడు జేబులోంచి పెన్ను తీశాడు. "మొదటి స్లాబు ఎవరిది?" అన్నాడు. ప్రమాదం ముందు మోసేది మొదటివాడే. అందరి కళ్లూ బిల్డరు మీదకి తిరిగాయి.

మేస్త్రి ఒప్పుకోలేదు. గుప్పెట్లో రోబో ఇసుక పట్టుకుని నలిపాడు. గరుకుగా గుచ్చుకుంది. "ఇది రాతి పొడి సారూ. దీంతో స్లాబా? రేపు కారితే ఎవడి పేరు చెప్తారు, మీ పేరా? నా పేరు."

అతన్ని తోసేసి పని చేయించొచ్చు. బిల్డరు ఆ పని చేయలేదు. ప్లాంటు నుంచి శాంపిల్ తెప్పించి, మేస్త్రి కళ్ల ముందే ఆరు అచ్చుల్లో కాంక్రీటు పోయించి, నీళ్లలో నానబెట్టించి, ఏడో రోజున మూడింటిని ఇంజనీరింగ్ కాలేజీ లాబుకి మేస్త్రి చేతే మోయించాడు. ఎం ట్వంటీ కాంక్రీటుకి ఏడో రోజు బలం కనీసం 13 మెగాపాస్కల్స్ రావాలి. దిమ్మెని యంత్రంలో పెట్టారు. ముల్లు కదిలింది. పది. పన్నెండు. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. పదమూడు దాటింది. పద్నాలుగు. పదిహేను దాటాక ఫెళ్లున పగిలింది.

మేస్త్రి పగిలిన ముక్క ఎత్తి చేత్తో తడిమాడు. "ప్లాస్టరింగుకి మాత్రం నది ఇసకే" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఇక అడ్వాన్సు. ప్లాంటుకి ముందే డబ్బు కట్టాలి. చీటీ అయిపోయింది. రెండు రూపాయల వడ్డీ వాడు మూడు అంటున్నాడు. బిల్డరు బీరువా తెరిచి ఆ తెల్లకాగితం తీశాడు. ఒక వైపు పత్తి. ఇంకో వైపు మిర్చి. రెండూ ఇంకా దూరంలోనే ఉన్నాయి.

ఫోను చేయడానికి మొహం చెల్లలేదు. రైతే చేశాడు.

"యార్డులో రేటు చూశావా?"

ఆ శీతాకాలంలో మిర్చి ఎగిరింది. కోల్డు స్టోరేజీల్లో దాచుకున్నవాడి పంట పండింది. నల్లపాడు రోడ్డు అంతా టిక్కీల లారీలు, గాల్లో ఘాటు, దారిన పోయేవాళ్లంతా తుమ్ములు. రైతు తన తేజ బస్తాలు తీయించాడు. సాయంత్రానికి డబ్బు సంచి బిల్డరు టేబుల్ మీద పెట్టి రసీదు కూడా అడక్కుండా లేచాడు. బిల్డరే బలవంతాన రాసిచ్చాడు.

నవంబరు రెండో వారం. అప్పటికి ఇసుక రాష్ట్రమంతా మండుతోంది. 3న విశాఖలో జనసేన లాంగ్ మార్చ్. 13న మంత్రివర్గం ఇసుక అక్రమాలకి రెండేళ్ల జైలు, 2 లక్షల దాకా జరిమానా అంది. 14న విజయవాడలో చంద్రబాబు 12 గంటల దీక్ష. అదే రోజు నుంచి ప్రభుత్వం ఇసుక వారోత్సవాలు. ఆ గోల మధ్యలో, పేపర్లకి ఎక్కని ఒక తెల్లవారుజామున, గోరంట్ల సందులోకి మొదటి కాంక్రీటు బండి వెనక్కి వెనక్కి వచ్చింది.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. పంపు గొట్టం నాలుగంతస్తుల పైకి ఎక్కింది. రెండో బండి. మూడో బండి. వైబ్రేటరు రొద, తడి సిమెంటు వాసన, మేస్త్రి అరుపులు. మిగతా ఆరుగురు బిల్డర్లూ డాబా మూలన నిలబడి చూస్తున్నారు. వాళ్ల వంతు దీని మీదే ఆధారపడింది. నాలుగో బండి దగ్గర చినుకు పడింది. అయిదో బండికి ముమ్మరమైంది.

"పట్టాలు!" అరిచాడు మేస్త్రి.

ఎవరు ముందు కదిలారో తెలియదు. మాటల్లేని ఆ ఇద్దరు బిల్డర్లు ఒక పట్టా రెండు చివర్లూ పట్టుకున్నారు. ఫోను తాకట్టు పెట్టిన కుర్రాడు ఇనుము మీద కోతిలా దూకి అవతలి కొస అందుకున్నాడు. తెల్లచొక్కాతో పెద్దాయన మెట్లెక్కి వచ్చి పట్టా మీద బరువుకి ఇటుకలు అందించాడు. ఇరవై నిమిషాలు. వాన వెలిసింది. ఆరో బండి పోశారు, ఏడో బండి పోశారు. మధ్యాహ్నానికి స్లాబు పూర్తయింది.

ఆ తర్వాత ఇసుక యార్డులకి రావడం మొదలైంది. ప్లాస్టరింగ్ ఎత్తుకున్నారు. వంటింటి గోడ మూడడుగులు జరిగింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నారు.

డిసెంబర్ 17, మంగళవారం. వెలగపూడిలో అసెంబ్లీ. రాష్ట్రానికి మూడు రాజధానులు రావచ్చేమో అన్నాడు ముఖ్యమంత్రి. టీవీల ముందు గుంటూరు నోరు తెరుచుకుని ఉండిపోయింది. రాజధాని వస్తుందన్న ఆశ మీద నడిచిన బేరాలన్నీ ఆ సాయంత్రం ఒక్కసారిగా నిలిచిపోయాయి. మర్నాటి నుంచి అమరావతి ఊళ్లలో ఉద్యమం. ఆ రాత్రి బిల్డరు ఫోను మోగింది. హైదరాబాద్ నంబరు. పెట్టుబడి కోసం ఒక ఫ్లాటు తీసుకున్నాయన. వద్దన్నాడు.

బిల్డరు మిగతా ఇద్దరి ఫోన్ల కోసం చూశాడు. రైతు. పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. తెల్లారింది. మోగలేదు. తట్టుకోలేక తనే నర్సమ్మకి చేశాడు.

"రాజధాని ఎటు పోతే నాకేం బాబూ?" అందామె. "నా డ్యూటీ ఆసుపత్రిలో. పిల్లల బడి బ్రాడీపేటలో. టైల్స్ ఎప్పుడు చూడమంటావు?"

హైవే బోర్డులు అమ్మింది రాజధాని పక్కన ఇల్లు. ఇతను అమ్మింది గుంటూరులో ఇల్లు. ఆ తేడా డిసెంబరు దాకా ఎవరికీ, అతనికి కూడా, పట్టలేదు. నాలుగింట్లో రెండు నిలబడ్డాయి. పెట్టుబడిదారు వదిలేసిన ఫ్లాటు, మాస్టారు వదిలేసిన ఫ్లాటు ఖాళీగానే ఉన్నాయి. మాస్టారు మనసుపడ్డ నేలపాడు టవర్లు పునాదుల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయాయి. చిన్నవాడు గెలిచాడనడానికి ఇదేం లెక్క కాదు. వడ్డీ పెరుగుతూనే ఉంది. కానీ కట్టడం ఆగలేదు.

ఫిబ్రవరిలో మేస్త్రి పునాది నుంచి డాబా దాకా ఒకసారి నడిచాడు. మార్చి మొదటి వారంలో, టీ కొట్టు దగ్గర, ఏడుగురూ మళ్లీ కలిశారు. ఈసారి ఇనుము కలిపి కొందామని. పుస్తకం ఒకటి పెట్టారు. రైతు భార్య పంచాంగం చూపించి చెప్పింది, ఉగాది రోజు పాలు పొంగించుకుంటామని.

ఆ ఏడాది ఉగాది మార్చి 25.

24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో వచ్చాడు. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. యార్డు మూత. బస్సులు మూత. రంగులు వేస్తున్న తొమ్మిది మంది కుర్రాళ్లది విజయనగరం జిల్లా. సామాను సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డారు. నడిచి పోతామంటున్నారు. మేస్త్రి అడ్డం నిలబడి ఫోను చేశాడు.

"సారూ, ఈళ్లు ఆగట్లేదు."

"పార్కింగులో పడుకోమను. బాత్రూం తాళం గూట్లో ఉంది. ఫోను స్పీకర్లో పెట్టు."

పెట్టాడు. తొమ్మిది మంది మూగారు.

"పని లేకపోయినా కూలి సగం ఇస్తా. అన్నం నాది. మేస్త్రీ, తొమ్మిది మందికి పదిహేను రోజులు... పద్దెనిమిది అనుకో. బియ్యం ఎన్ని కిలోలు పడతాయో లెక్క చెప్పు. కొట్టు మూసేలోగా వెళ్లాలి."